మేరియా మాంటిస్సోరి

బిడ్డ పుట్టినది మొదలు యుక్తవయస్సు వచ్చువఱకు వాని మనస్సు ఏ క్రమమున వికసించునను ప్రశ్నకు, గడచిన శతాబ్దమున పలువురు శాస్త్రజ్ఞులు సమాధానము లొసంగిరి. వారిలో మన దక్షిణదేశమునకు స్వయముగా వచ్చి, ఇచ్చటి ఉపాధ్యాయులకు బోధించిన విదుషీమణి మేరియా మాంటిస్సోరి. ఆమె చరిత్రమును మన విద్యార్థులును వారి తలిదండ్రులును ఎఱుగుట మేలని తలంచి సంక్షేపముగా వ్రాయుచున్నాము.

మేరియా 1870 సం. ఆగస్టు 31వ తేదీన ఇటలీదేశమున కియరవల్లె యను పట్టణమున జన్మించెను. తండ్రి ప్రభుత్వపు పొగాకు శాఖలో ఉద్యోగి. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట ఆ కాలమున వింత. తండ్రికి ఇష్టము లేకున్నను, తల్లి ప్రోత్సాహమున ఆమె పట్టు విడువలేదు. పురుషులతో గలసి శవచ్ఛేదనము చేయరాదను కట్టుబాటు వలన, సాయంకాలములందు ఒంటరిగా ఆ పని నేర్చెను. 1896 సం.న రోము విశ్వవిద్యాలయమున వైద్యపట్టము నందెను.

పిమ్మట ఆమె మందబుద్ధులని త్రోసివేయబడిన బాలబాలికలను పరీక్షించుటకు పూనుకొనెను. వారికి వలసినది మందు కాదు, తగిన బోధనయని గ్రహించి, ఇటార్, సెగ్వెన్ అను ఫ్రెంచి వైద్యుల మార్గము ననుసరించి చేతికి పని, కంటికి పరిశీలన కల్పించు సాధనములను సిద్ధపఱచెను. ఆ పిల్లలలో కొందఱు సాధారణ బాలురతో సమముగా పరీక్షలయందు కృతార్థులైరి. లోకులు ఆశ్చర్యపడిరి. ఆమెకు మాత్రము వేఱొక చింత కలిగెను. ఆరోగ్యవంతులైన పిల్లలు ఇంతకంటె ముందునకు పోలేకుండుటకు బడులలోని ఏ లోపము కారణమని ఆలోచించెను.

ఆమె జీవితమున ఒక గొప్ప దుఃఖము కలదు. 1898 సం.న, వివాహము కాకుండగనే, ఆమెకు మారియో యను కుమారుడు కలిగెను. లోకనిందకు వెఱచి శిశువును పల్లెయందలి ఒక కుటుంబమున నుంచి పెంపింపవలసి వచ్చెను. పరుల బిడ్డల కొఱకు పాటుపడిన తల్లి, తన బిడ్డ బాల్యమును దగ్గఱ నుండి చూడ నోచుకొనలేదు. ఈ సంగతిని కప్పిపుచ్చుట మాకు న్యాయముగ తోచలేదు. మారియో పెద్దవాడై తల్లిని చేరి, కడవఱకు ఆమె కార్యమున కుడిభుజమై నిలిచెను.

1907 సం. జనవరి 6వ తేదీన, రోము నగరమున సాన్ లోరెంజో యను పేదల పేటలో ఆమె శిశుగృహమును తెఱచెను. కూలికి పోవు తలిదండ్రుల పిల్లలు సుమారు ఏబదిమంది అచ్చట చేరిరి. ఒకనాడు మూడేండ్ల బాలిక యొకతె కొయ్యబిళ్లలను వాని గూళ్లలో అమర్చుటలో లీనమైయుండగా, మేరియా ఆమెను కుర్చీతో సహా ఎత్తి బల్లపై నుంచెను. తక్కిన పిల్లలచే చుట్టును పాడించెను. బాలిక తల యెత్తలేదు. ఆ పని నలువదిమార్లకు పైగా చేసి, నిద్రలేచినదానివలె ప్రసన్నయై తనంతట తానే నిలిపివేసెను. చిన్నపిల్లలకు నిలుకడ లేదను మాట తప్పని ఆనాడు తేలెను.

ఇట్టి పరిశీలనలనుండియే ఆమె సిద్ధాంతము పుట్టినది. వికాసము ఆఱేసి యేండ్ల నాలుగు దశలుగా జరుగునని ఆమె మతము. మొదటి ఆఱేండ్లు శిశువు పరిసరములను, మాతృభాషను శ్రమ లేకయే తనలో ఇంకించుకొనును. పండ్రెండవ యేటివఱకు కారణముల నడుగును, న్యాయాన్యాయములను విచారించును. పదునెనిమిదవ యేటివఱకు సంఘమున తన స్థానమును వెదకికొనును. ఇరువదినాలుగవ యేటికి పూర్ణవ్యక్తి యగును. కొండగట్టు మెట్లమీద చిన్నబిడ్డ యెక్కుచు దిగుచు మరల యెక్కుట మనము చూచుచుందుము. పెద్దలకు పైకి చేరుట ముఖ్యము. బిడ్డకు ఎక్కుటయే ముఖ్యము. తొందరపడి ఎత్తుకొన్నచో వాని పనిని మనము హరించినవార మగుదుము.

ఆమె పద్ధతిలో ఊహకును ఆటకును చోటు చాలదని అమెరికా పండితుడు కిల్పాట్రిక్ 1914 సం.న విమర్శించెను. అయినను, బాలుర తర్కశక్తిని దశలుగా విభజించిన పియాజే స్విట్జర్లాండు మాంటిస్సోరి సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. మానవజీవితమును ఎనిమిది ఘట్టములుగా వర్ణించిన ఎరిక్‌సన్ మాంటిస్సోరి శిక్షణ పొందినవాడే.

ముస్సోలినీ ప్రభుత్వముతో పొసగక ఆమె 1934 సం.న ఇటలీని విడిచెను. 1939 సం.న దివ్యజ్ఞాన సమాజమువారి ఆహ్వానముపై చెన్నపురియందలి అడయారునకు వచ్చి, సుమారు మున్నూరుమందికి శిక్షణ మొసంగెను. మఱుసటి యేడు ఇటలీ యుద్ధమున ప్రవేశింపగా, ఆంగ్లప్రభుత్వము మారియోను నిర్బంధించెను. ఆమె డెబ్బదియవ జన్మదినమునకు కానుకగా అతనిని విడిపించెను. బంధువుగా చెప్పబడుచు వచ్చినవాడు ఆ రాజప్రతినిధి సందేశమున ఆమె కుమారుడుగా పేర్కొనబడెను. యుద్ధకాలమున కొంతకాలము ఆమె కొడైకెనాలున నివసించెను. 1952 సం. మే 6వ తేదీన హాలెండుదేశమున పరమపదించెను.

సిరిసిల్ల మగ్గముల చప్పుడు నడుమను, జగిత్యాల, కోరుట్ల ప్రాంతములందు తల్లి బీడీలు చుట్టు చాట ప్రక్కను పెరుగు పసివారు మన బడికి వచ్చుచున్నారు. సాన్ లోరెంజో పిల్లలు వీరికంటె భాగ్యవంతులు కారు. బీడుపడిన నేలయని మనము తలంచునది, అదను తెలిసి విత్తినచో పంట నిచ్చును. ఆకు కత్తిరింపు మని బిడ్డను బడి మాన్పించు తండ్రియు, అక్షరము రాలేదని బెత్తము నెత్తు ఉపాధ్యాయుడును, మరల రాని అదనును పోగొట్టినవారే. ప్రభువు శిష్యుల నడుమ చిన్నబిడ్డను నిలిపెను. ఆ బిడ్డను నిదానముగా చూచుటయే మనకు మొదటి పాఠము.