వానల లెక్క చూచిన వాకర్

కూచిపూడి సీమలోని వరిచేలకు కృష్ణ కాలువలు ఆధారము. కృష్ణకు నైరృతి ఋతుపవనము ఆధారము. 1855లో బెజవాడ ఆనకట్ట నిలిచినను, ఎగువన వాన కురియనిదే కాలువ పారదు. 1899లో ఋతుపవనము విఫలమై దేశమున ఘోరక్షామము నెలకొనెను. అడవుల నరికివేతచే దేశపు శీతోష్ణస్థితియే శాశ్వతముగ మారెనని కొందరు, కాదని కొందరు వాదులాడిరి. ఆ వివాదమును లెక్కలతో పరీక్షించినవాడు సర్ గిల్బర్ట్ వాకర్.

1868లో ఇంగ్లండున జన్మించిన ఈ గణితజ్ఞుడు 1904లో భారత వాతావరణ శాఖకు అధిపతియయ్యెను. వర్షపాత పట్టికలను శోధించి, శాశ్వతమైన మార్పునకు సాక్ష్యము లేదని 1910లో ప్రకటించెను. 1913లో రామానుజన్ ప్రతిభను గుర్తించి మద్రాసు విశ్వవిద్యాలయమునకు సిఫారసు చేసినవాడును ఈయనయే. పిదప పసిఫిక్, హిందూ మహాసముద్రములపై వాయుపీడనము తక్కెడవలె ఊగుటను కనుగొని, దానికి 'దక్షిణ డోలనము' అని పేరిడెను. ఆనాడు పలువురు దానిని శంకించిరి. 1958లో ఆయన మరణించెను. 1969లో బ్యెర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు ఆ డోలనమును సముద్రజలముల వేడిమితో ముడివేసి చూపెను.

నేడు భూతాపము పెరుగుచున్నదనియు, అందుకు మానవుడే ముఖ్యకారణమనియు కొలతలు రుజువు చేసినవి. 1910 నాటి తీర్పు అప్పటి పట్టికలకే చెల్లును. కొలత చెప్పినంతవరకే పలుకుట వాకర్ పద్ధతి. వానకై ఎదురుచూచు డెల్టా రైతునకు నేటికిని అదియే అండ.