డారిల్ డాకిన్స్

డారిల్ డాకిన్స్ (జనవరి 11, 1957 - ఆగష్టు 27, 2015) అమెరికాకు చెందిన ప్రముఖ బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు. ఇతడు ఎన్.బి.ఎ.లో 14 సీజన్లు, ఆ పిమ్మట ఇటలీలో ఐదు సీజన్లు ఆడాడు.

ఎన్.బి.ఎ.లో

డాకిన్స్ ఫ్లోరిడా రాష్ట్రంలోని ఓర్లాండోలో జన్మించాడు. 1975లో ఉన్నత పాఠశాల ముగియగానే, కళాశాలలో చేరకుండా ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్ జట్టులో ప్రవేశించాడు. ఇతడి ఎత్తు 6 అడుగుల 11 అంగుళాలు. 1979లో సుమారు మూడు వారాల వ్యవధిలో రెండు పర్యాయాలు బంతిని బలంగా బుట్టలో వేసి, వెనుకనున్న గాజు పలకను బద్దలు కొట్టాడు. గాయకుడు స్టీవీ వండర్ ఇతడికి చాక్లెట్ థండర్ అనే పేరు పెట్టాడు. ఫిలడెల్ఫియా 1977, 1980, 1982లలో ఫైనల్స్ చేరి ఓడిపోయింది. 1982లో ఇతడు న్యూజెర్సీ నెట్స్‌కు మారగా, మరుసటి సంవత్సరమే ఫిలడెల్ఫియా విజేతగా నిలిచింది. వెన్ను గాయాల తరువాత, చివరి రెండు సీజన్లలో పాతిక ఆటలైనా ఆడలేకపోయాడు.

ఇటలీలో

1989లో ఇటలీ వెళ్ళి టొరినో, మిలానో, ఫోర్లీ నగరాల జట్లకు 1994 వరకు ఆడాడు. స్వదేశంలో ముగిసిందనుకున్న క్రీడాజీవితం అక్కడ మరో ఐదేళ్ళు కొనసాగింది.

చివరి దశ

స్వదేశానికి తిరిగివచ్చి శిక్షకుడయ్యాడు. ఇతడి శిక్షణలో పెన్సిల్వేనియా వ్యాలీడాగ్స్ జట్టు 2001, 2004లలో యు.ఎస్.బి.ఎల్. విజేత అయింది. 2015లో గుండెపోటుతో అలెన్‌టౌన్‌లో మరణించాడు.