యంత్రాలకు ఒకే భాష నేర్పిన గ్రేస్ హాపర్

మన తాతల నాడు ఈ ప్రాంతంలో సరుకును వీశెలతో, మణుగులతో తూచేవారు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఆ మద్రాసు మణుగు 25 పౌండ్లు కాగా బెంగాలు మణుగు 82 పౌండ్లకు పైమాటే. పేరొక్కటే, తూకం వేరు. 1956 నాటి చట్టంతో దేశమంతటికీ కిలోగ్రాము ప్రమాణమైంది. అయినా కాటా సరైనదో కాదో వర్తకుని మాటతో తేలదు. ముద్ర వేసిన రాళ్ళతో సరిచూస్తేనే తేలుతుంది. కంప్యూటర్ల లోకంలోనూ ఇటువంటి చిక్కే ఏర్పడింది. దానిని తీర్చడానికి జీవితంలో అధిక భాగం వెచ్చించిన విదుషీమణి గ్రేస్ హాపర్. రెడ్డిగూడెం విద్యార్థులకు ఆమె జీవితాన్ని మా శక్తి మేరకు పరిచయం చేస్తున్నాము.

గ్రేస్ 1906 డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరంలో జన్మించారు. బాల్యంలోనే గడియారాలు విప్పి లోపలి మర్మం తెలుసుకోవాలనే కుతూహలం ఆమెది. వాసర్ కళాశాలలో పట్టం పొంది, 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితశాస్త్రంలో డాక్టరేటు సాధించారు. వాసర్‌లోనే గణితాధ్యాపకురాలైనారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నావికాదళంలో చేరబోగా, వయసు మీరిందని, బరువు చాలదని అభ్యంతరాలు వచ్చాయి. ఆమె పట్టు వీడలేదు. ప్రత్యేక అనుమతితో 1943లో చేరి, 1944లో హార్వర్డులోని మార్క్ 1 యంత్రం వద్ద నియుక్తులైనారు. 51 అడుగుల పొడవైన ఆ మహాయంత్రానికి చిల్లులు పొడిచిన కాగితపు పట్టీలే ఆజ్ఞాపత్రాలు.

1949లో ఆమె యూనివాక్ యంత్రాన్ని నిర్మిస్తున్న సంస్థలో ప్రవేశించారు. ఆనాడు ఏ యంత్రం భాష ఆ యంత్రానిదే. యూనివాక్ దశాంశ పద్ధతిలో నడిచేది, ఐ.బి.యం. 704 యంత్రం 36 బిట్ల ద్విసంఖ్యా పద్ధతిలో నడిచేది. మన హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ తదుపరి కాలంలో తయారుచేసిన టి.డి.సి. 12 యంత్రానిది 12 బిట్ల కొలత, టి.డి.సి. 316 యంత్రానిది 16 బిట్ల కొలత. ఒక యంత్రానికి వ్రాసిన ఆజ్ఞలు మరొకదానికి అర్థం కావు. యంత్రం మారినప్పుడల్లా జీతాల లెక్క మొదలుకొని సమస్తమూ తిరిగి వ్రాయవలసిందే.

పదేపదే అవసరమయ్యే లెక్కల భాగాలను టేపుపై భద్రపరచి, వాటిని పిలిచిన వరుసలో యంత్రమే కూర్చుకొనే సాధనాన్ని 1952లో ఆమె రూపొందించారు. ఎ-0 అని పేరు గల ఆ సాధనం నేటి కంపైలర్లకు పూర్వరూపం. యంత్రం లెక్క చేస్తుందే గాని ప్రోగ్రాము తయారు చేయలేదని చాలామంది పెదవి విరిచారు. ఆమె వాదించడం కంటె చేసి చూపడమే మేలనుకున్నారు. అటు పిమ్మట ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలిచ్చే ఫ్లో-మాటిక్ భాష వెలువడింది.

1959లో ప్రభుత్వము, పరిశ్రమలు కలిసి ఏర్పరచిన సంఘం కోబాల్ భాషను రూపొందించింది. అది ఒక్కరి సృష్టి కాదు. కాని దానికి ముఖ్యమైన ఆధారం ఫ్లో-మాటిక్, హాపర్ ఆ సంఘానికి సలహాదారు. 1960 డిసెంబరులో దాదాపు ఒకే కోబాల్ ప్రోగ్రాము యూనివాక్ 2పైన, ఆర్.సి.ఏ. 501పైన నడిచింది. భిన్నమైన రెండు యంత్రాలు ఒకే ఆజ్ఞను మన్నించాయి.

అంతటితో కథ ముగియలేదు. ఒక్కో తయారీదారు తన కోబాల్‌కు సొంత హంగులు చేర్చాడు. మణుగు కథే పునరావృతమైంది. 1966లో విశ్రాంతి పొందిన హాపర్‌ను నావికాదళం మరుసటి యేడే వెనుకకు పిలిచింది. ఆరు నెలలకని పిలిచిన పిలుపు ఏళ్ళ తరబడి సాగింది. సరైన జవాబు ముందుగా తెలిసిన చిన్నచిన్న ప్రోగ్రాములను ఆమె బృందం సిద్ధపరచింది. ఏ కంపైలరునైనా వాటితో పరీక్షించి, జవాబులు సరిపోలాయో లేదో చూసేవారు. కాటాకు ముద్ర రాయి ఎటువంటిదో కంపైలరుకు ఆ పరీక్షలు అటువంటివి. 1970 దశకంలో ప్రభుత్వ కొనుగోళ్ళకు కూడా ఆ పద్ధతి ఆదర్శమైంది. హాపర్ జీవితంలో ఇదే అన్నిటికంటె గొప్ప సేవ అని మా అభిప్రాయం. కొత్తదాన్ని కనిపెట్టేవారికి కీర్తి వస్తుంది. కనిపెట్టినది అంతటా ఒకే తీరున నడుస్తున్నదా అని ఓపికతో సరిచూసేవారు అరుదు.

1986లో, 79 ఏళ్ళ వయసులో, రియర్ అడ్మిరల్ హోదాలో ఆమె నౌకాదళ సేవ నుండి విరమించారు. 1992 జనవరి 1న పరమపదించారు. 2016లో అమెరికా ప్రభుత్వం మరణానంతరం అధ్యక్ష స్వాతంత్ర్య పతకంతో గౌరవించింది.

నేడు మన చేతిలోని ఫోనులో సాధారణంగా ఉండేది ఆర్మ్ రకపు ప్రాసెసరు, ప్రయోగశాల కంప్యూటరులో తరచు ఇంటెల్ రకం. జి.సి.సి. వంటి కంపైలర్లు ఈ రెండింటికీ పనిచేస్తాయి. వాటి వెనుక వేల సంఖ్యలో పరీక్షా ప్రోగ్రాములున్నాయి. ఉర్దూ, తెలుగు రెండు లిపులలోనూ పాఠాలు దిద్దే మన విద్యార్థులకు, రూపం వేరైనా అర్థం చెడకుండా చూడడమెంత శ్రమయో చెప్పనక్కరలేదు. యంత్రాల విద్యలో అడుగిడబోయే సోదర సోదరీమణులు తాము వ్రాసినది ఒక్క యంత్రంపై నడిచిందని తృప్తి పడక, రెండవదానిపై కూడా సరిచూసే అలవాటును హాపర్ నుండి గ్రహింతురు గాక.