అకారం దగ్గర ఆగిన గ్రంథం: కొమర్రాజు లక్ష్మణరావు

మీరు భిలాయి ఉక్కు నగరంలో ఉంటూ ఈ పాఠం చదువుతున్నారు కదా! దుర్గ్‌లో పడమటి వైపు వెళ్ళే రైలెక్కితే కొన్ని గంటల్లో నాగపూరు చేరతారు. ఆంగ్లేయుల కాలంలో మీ ప్రాంతమూ, నాగపూరూ మధ్య పరగణాలలోనే ఉండేవి. తెలుగువారికి ఆధునిక విజ్ఞాన సర్వస్వాన్ని ఇవ్వాలని పూనుకొన్న కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొన్నది ఆ నాగపూరులోనే.

ఆయన 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. అక్క భండారు అచ్చమాంబ ఇంట ఉండి నాగపూరులో చదివారు. అక్కకు బడి చదువు లేదు. తమ్ముడి పాఠాల తోడుతో చదువు నేర్చి, తరువాత ఆమె పేరొందిన రచయిత్రి అయ్యారు. ఈ సంగతి గుర్తుంచుకోండి. జ్ఞానాన్ని పంచడం లక్ష్మణరావుకు ఇంట్లోనే మొదలైంది.

ఎం.ఏ. పూర్తిచేసి ఆయన మునగాల సంస్థానంలో దివానుగా పనిచేశారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనలో పాలుపంచుకొన్నారు. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పి చరిత్ర, శాస్త్ర గ్రంథాలు అచ్చువేయించారు.

ఇక అసలు పని. వేల విషయాలను ఏ వరుసలో పేర్చాలి? ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆయన అకారాది క్రమాన్ని ఎంచుకొన్నారు. పండితులచేత వ్యాసాలు రాయించారు, తామూ ఎన్నో రాశారు. ఈ క్రమం చదివేవారికి సులువు, తయారుచేసేవారికి కష్టం. 'అ' ముగియనిదే 'ఆ' అచ్చుకు వెళ్ళదు. ఒకరు ఆలస్యం చేస్తే వెనకున్న అందరూ ఆగాలి. పైగా వ్యాసాలు విపులంగా ఉండాలని ఆయన పట్టుదల. 1915 నుండి మూడు సంపుటాలు వచ్చాయి; అవన్నీ 'అ' అక్షరమే! 1923 జూలై 12న ఆయన మద్రాసులో మరణించారు. అప్పటికి వయస్సు 46. కాశీనాథుని నాగేశ్వరరావు ఆ పనిని మళ్ళీ చేపట్టినా అది పూర్తికాలేదు.

2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. ఇక్కడ వరుస అడ్డురాదు. ఎవరైనా, ఏ అక్షరంతోనైనా మొదలుపెట్టవచ్చు. రాసినవారే వ్యాసాలను వర్గాలలో చేరుస్తారు. ఒకే వ్యాసం అనేక వర్గాలలో ఉండవచ్చు. అభిప్రాయభేదం వస్తే చర్చ పేజీలో వాదించుకొంటారు. ఆ వాదాలు ఒక్కోసారి వ్యాసం కంటే పొడుగ్గా సాగుతాయి! ఈ స్వచ్ఛంద రచయితల కోసం 2013లో ఏర్పరచిన పురస్కారానికి లక్ష్మణరావు పేరే పెట్టారు.

ఇప్పుడు మీ నోటుపుస్తకం తీయండి. సోవియట్ సాయంతో కట్టిన భిలాయి కర్మాగారంలో 1959లో ఉత్పత్తి మొదలైంది. భిలాయి మీద మీరొక వ్యాసం రాస్తే దానిని ఏ వర్గాలలో చేరుస్తారు? ఛత్తీస్‌గఢ్ నగరాలలోనా, ఉక్కు పరిశ్రమలలోనా, తెలుగువారు స్థిరపడిన ఊళ్ళలోనా? మీ పక్కనున్నవారిని కూడా అడిగి, ఇద్దరి జాబితాలనూ పోల్చి చూడండి.