కారానికి కొలత కట్టిన విల్బర్ స్కోవిల్

మన మదనపల్లెకు చేరువలోనున్న ఏనుగు మల్లమ్మ కొండను నేడు అందరూ హార్స్లీ హిల్స్ అనియే పిలుచుచున్నారు. కడప కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు. డి. హార్స్లీ అను ఆంగ్లేయుడు 1870 ప్రాంతమున ఆ కొండపై వేసవి విడిది కట్టుకొన్నందున ఆయన పేరు దానికి నిలిచిపోయినది. ఆ కొండ క్రింది పల్లెలలో మిరపకాయలు దంచునప్పుడు లేచు ఘాటుకు సైతము ఒక పరదేశీయుని పేరు అంటుకొని ఉన్నదని మన విద్యార్థులలో కొద్దిమందికే తెలిసియుండును. ఆయనే విల్బర్ లింకన్ స్కోవిల్. మిరప కూడ అమెరికా ఖండమున పుట్టి పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినదే గనుక, సరుకూ కొలతా రెండూ ఆ దిక్కునుండియే వచ్చినవని చెప్పవచ్చును.

స్కోవిల్ 1865 జనవరి 22న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున బ్రిడ్జిపోర్ట్ పట్టణములో జన్మించినారు. ఔషధశాస్త్రము అభ్యసించి, మసాచుసెట్స్ ఫార్మసీ కళాశాలలో ఆచార్యులైనారు. మందులు కలుపు విధానమును గూర్చి 1895లో ఆయన ప్రకటించిన ‘ది ఆర్ట్ ఆఫ్ కాంపౌండింగ్’ అను గ్రంథము ఆ వృత్తివారికి చాలకాలము చేతిపుస్తకముగా ఉపకరించినది. కారమునకు పాలు విరుగుడని అందులో పేర్కొన్నారని చెప్పుదురు. గొడ్డుకారము తిని మజ్జిగ త్రాగు మన పల్లెవారికి ఇది క్రొత్త సంగతి కాదు గాని, కారమునకు మూలమైన క్యాప్సైసిన్ అను పదార్థము నీటిలో కరగదని తెలిసినప్పుడే ఆ మజ్జిగ మర్మము బోధపడును.

తరువాత ఆయన డెట్రాయిట్ నగరమున పార్క్ డేవిస్ అను ఔషధ సంస్థలో చేరినారు. కండరముల నొప్పులకు పూయు లేపనములలో మిరపసారమును వాడుదురు. అది ఎక్కువైనచో చర్మము మండిపోవును, తక్కువైనచో గుణమివ్వదు. మిరపలో రకమునకొక కారము, పంటకొక కారము. కాబట్టి సారమును తూచినంత మాత్రమున చాలదు, దాని తీక్ష్ణతను కొలువవలెను. నాటి రసాయన పరీక్షలు ఈ పనికి నాలుక అంత సూక్ష్మమైనవి కావు. అందుచేత స్కోవిల్ 1912లో నాలుకనే త్రాసుగా చేసుకొన్నారు.

ఆయన పద్ధతి మన వంటింటికి దూరమైనది కాదు. ఒక గ్రెయిను, అనగా సుమారు 65 మిల్లీగ్రాముల మిరపపొడిని 100 ఘనపు సెంటీమీటర్ల ఆల్కహాలులో రాత్రంతా నానవేసి వడకట్టవలెను. ఆ సారమును చక్కెరనీటిలో కలుపుచు, మంట లీలగా మాత్రమే తెలియునంతవరకు పలుచన చేయవలెను. ఎన్ని పాళ్ళు పలుచన చేయవలసి వచ్చినదో అదియే ఆ మిరప కారపు అంకె. జపాను మిరపకు 20,000 నుండి 30,000 వరకు, మొంబాసా మిరపకు 50,000 నుండి లక్ష వరకు ఆయనకు లెక్క వచ్చినది. తరువాతి కాలమున ఐదుగురిని కూర్చుండబెట్టి, వారిలో ముగ్గురికైనను మంట తెలియవలెనని నియమము చేసినారు.

ఇందులోని లోపము ఎవరికైనను తోచును. రెండు మూడు మారులు రుచి చూచుసరికి నాలుక మొద్దుబారును. ఊరుమిండి తిని పెరిగిన రాయలసీమవాని నాలుక ఒక విధము, చప్పిడి కూటికి అలవాటుపడినవాని నాలుక మరొక విధము. అయినను స్కోవిల్ గొప్పతనము ఇక్కడనే ఉన్నదని మా అభిప్రాయము. మనిషి మనిషికి మారిపోవు ఒక బాధను ఆయన అంకెలోనికి తెచ్చినారు. అది పరిపూర్ణమైన అంకె కాకపోవచ్చును. అంతకుముందు అదైనను లేదు.

అమెరికా ఔషధ సంఘమువారు 1922లో ఎబర్ట్ బహుమతి ఇచ్చినారు. 1929లో రెమింగ్టన్ పతకము, కొలంబియా విశ్వవిద్యాలయపు గౌరవ డాక్టరేటు లభించినవి. 1942 మార్చి 10న, డెబ్బదియేడేండ్ల వయస్సున ఆయన మరణించినారు. కారము అసలు రుచియే కాదనియు, వేడిని తెలుపు నాడీగ్రాహకమును క్యాప్సైసిన్ తట్టిలేపుటయేననియు 1997లో డేవిడ్ జూలియస్ బృందము వెల్లడించినది. ఆ శాస్త్రజ్ఞునకు 2021లో నోబెల్ బహుమతిలో భాగము దక్కినది.

ఇప్పుడు ప్రయోగశాలలలో నాలుకకు పని లేదు. 1980 ప్రాంతమునుండి ద్రవ క్రోమటోగ్రఫీ యంత్రములే కారపదార్థమును కొలుచుచున్నవి. స్వచ్ఛమైన క్యాప్సైసిన్‌కు కోటి అరువది లక్షల అంకె కట్టి, ఆ లెక్కన పదిలక్షలకు ఒక పాలు ఉన్నచో సుమారు 16గా గుణించి, మరల స్కోవిల్ పేరుననే ప్రకటించుచున్నారు. గుంటూరు యార్డులో రైతు తెచ్చిన బస్తాకు రకము, రంగు, ఆరుదల చూచి ధర కట్టుదురు. ఓడ ఎక్కునప్పుడు మాత్రము దానికి ఈ అంకె కావలెను. గుంటూరు సన్నమునకు 35,000 నుండి 40,000 వరకు చెప్పుచున్నారు. అనగా ఒక పాలు సారమునకు ముప్పదియైదు వేల పాళ్ళ చక్కెరనీరు.