చేయి పట్టుకునే మనిషికీ బైతుల్‌మాల్ సొమ్ము

రామగిరి మండలంలోని పల్లెల్లో నేడు వికలాంగుల పింఛను నెలనెలా ఇంటికే వస్తున్నది. 2024 నుండి అది 6,000 రూపాయలు. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. మంచిదే. అయితే సదరం పరీక్షకు ఆసుపత్రికి పోవాలన్నా, జుమా నమాజుకు మస్జిదుకు రావాలన్నా చూపు లేని మనిషి చేయి పట్టుకునేదెవరు? ఆ పట్టుకున్నవారికి కూలి ఇచ్చేదెవరు? పదమూడు వందల ఏళ్ళ క్రితమే ఈ ఖర్చును ప్రభుత్వ లెక్కలో రాయించిన పాలకుని గురించి ఈ నెల చెప్పుకుందాం. ఆయనే హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై).

తల్లి తరఫున ఆయన రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి)కు మునిమనవడు. తండ్రి తరఫున ఉమయ్యా రాజకుటుంబీకుడు. యౌవనంలో ఖరీదైన దుస్తులకు, అత్తరులకు పేరుపడ్డారు. మదీనా గవర్నరుగా పనిచేశారు. హిజ్రీ 99 (క్రీ.శ. 717)లో ఖిలాఫత్ బాధ్యత మీద పడగానే మనిషే మారిపోయారు. తన ఆస్తులను తిరిగి ఇచ్చేశారు. ఆయన మాట మీద భార్య ఫాతిమా పుట్టింటి నగలను సైతం బైతుల్‌మాల్‌కు అప్పగించారు.

ఒక సంగతి దాచకూడదు. వికలాంగులకు ప్రజాధనం కేటాయించిన మొదటివాడు ఆయన కాదు. ఆయనకు ముందు ఖలీఫా వలీద్ కుష్ఠురోగులకు భత్యం ఏర్పరచి, బిచ్చమెత్తే అవసరం లేకుండా చేశాడు. వలీద్ పాలనలో చరిత్రకారులు తప్పుపట్టిన విషయాలు చాలానే ఉన్నాయి గాని, ఈ పని మాత్రం అతని ఖాతాలోనే వేయాలి.

హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై) దీన్ని పద్ధతిగా నడిపించారు. అంధులు, నడవలేనివారు, పక్షవాతం వచ్చినవారు, నమాజుకు నిలబడనివ్వని దీర్ఘవ్యాధి ఉన్నవారు - వీరందరి పేర్లూ పంపమని షామ్ ప్రాంతానికి ఉత్తరం రాశారు. జాబితా వచ్చాక ప్రతి అంధునికీ దారి చూపే మనిషిని, దీర్ఘరోగులలో ఇద్దరికొకరు చొప్పున సేవకుణ్ణి ఏర్పాటు చేశారు. ముందు లెక్క, ఆ తరువాత కేటాయింపు. లెక్కలోకి ఎక్కనివానికి నిధి అందదని ఆయనకు తెలుసు.

మాకు ఎక్కువగా గుర్తుండిపోయినది మరో సంఘటన. దమస్కస్ దివాన్‌లో ఒక వికలాంగుని పేరు భత్యానికి వచ్చింది. అతనికి దయతో ఏదైనా ఇవ్వవచ్చు గాని, ఆరోగ్యవంతునితో సమానంగా భత్యం ఎలా ఇస్తామని అక్కడి అధికారి అడ్డుపడ్డాడు. ఫిర్యాదు ఖలీఫా దాకా వెళ్ళింది. జనాన్ని ఇబ్బంది పెట్టవద్దని, కష్టంలోకి నెట్టవద్దని ఆయన ఆ అధికారికి తాకీదు పంపారు. అధికారి చెడ్డవాడేమీ కాదు. దానం వేరు, హక్కు వేరు అన్న సంగతి అతనికి తట్టలేదు, అంతే. 2025లో సదరం పునఃపరిశీలన నోటీసులు అందుకుని ఆందోళనపడిన మన జిల్లా కుటుంబాలకు ఈ తేడా విడమరచి చెప్పనక్కరలేదు.

జకాత్ విషయంలోనూ అంతే. జకాత్ సొమ్ము ఎలా పంచాలో ఆయన కోసం ఇమామ్ జుహ్రీ (రహ్మలై) ఒక పత్రం రాశారు. మిస్కీన్ల వాటాలో సగం, వైకల్యం వల్ల తిరిగి సంపాదించుకోలేనివారికని అందులో ఉంది. మస్జిదు గుమ్మం దగ్గర చేయి చాచలేనివాడు, ఇంట్లోనే పడి ఉన్నవాడు మన జకాత్ పంపకంలో తేలిగ్గా జారిపోతాడు. ఆ పత్రం మొదట అతన్నే పట్టుకుంది.

ఈ పాలన రెండున్నరేళ్ళయినా సాగలేదు. హిజ్రీ 101 (క్రీ.శ. 720)లో, సుమారు నలభై ఏళ్ళ వయసులో, షామ్‌లోని దైర్ సిమ్ఆన్ అనే చోట ఆయన కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే.