శ్రీ అంకితం వెంకట నరసింగరావుగారు

విశాఖపట్టణపు రేవు చెంత డాల్ఫిన్ నోస్ అను కొండ సముద్రములోనికి చొచ్చుకొని యున్నది. పందొమ్మిదవ శతాబ్దమున ఆ కొండమీద నొక జెండాకంబ ముండెడిది. ప్రతిదినమును ఉదయము సరిగా 9 గంటలకు దానిపైనుండి జెండా దిగెడిది. దానిని చూచి ఓడలవారును పట్టణవాసులును తమ గడియారములను సరిచేసికొనెడివారు. మారేడుమిల్లి యడవులలో వసించు మనకు ఆ జెండాతో నేమి పనియని చదువరులు సందేహింపవచ్చును. ఆ సందేహమును తీర్చుటకే యీ మహనీయుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆ జెండాను నెలకొల్పినవారు గోడే వెంకట జగ్గారావుగారు. వీరు 1817లో జనించిరి. చెన్నపట్టణమునకు బోయి, అచ్చటి నక్షత్రశాలాధిపతియగు టేలరు దొరయొద్ద ఖగోళశాస్త్ర మభ్యసించిరి. 1840లో విశాఖపట్టణమున స్వంత ధనముతో నక్షత్రశాలను నిర్మించిరి. నక్షత్రము మధ్యాహ్నరేఖను దాటు క్షణమును కనిపెట్టి గడియారమును దిద్దుట, ఆ కాలమును జెండాద్వారా లోకమునకు తెలుపుట వారి నిత్యకృత్యము. గడియారములో 4 సెకనుల తప్పున్నచో నావికుడు తానున్న తావును సుమారు ఒక నౌకామైలు తప్పుగా గణించును. చీకటిలో తీరమును సమీపించు ఓడకు ఆ మైలు ప్రాణాంతకము కాగలదు.

1856లో జగ్గారావుగారు దివంగతులైరి. ఇట్టి సంస్థ లనేకము స్థాపకునితోడనే నశించుట మన మెరుగుదుము. ఆ భారమును వహించినవారు వారి అల్లుడగు నరసింగరావుగారు. వీరు 1827లో జన్మించి డిప్యూటీ కలెక్టరు పదవి నందిరి. ఆ దినములలో మనవారి కట్టి యుద్యోగము లభించుట అపురూపము. అయినను దానిని విడిచి, మామగారి యాస్తిని, నక్షత్రశాలను కాపాడుటకు పూనుకొనిరి. 6 అంగుళముల దూరదర్శినిని తెప్పించిరి. 1868 నవంబరులో బుధుడును, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుడును సూర్యబింబమును దాటుటను పరిశీలించి, ఆ వివరములను ఇంగ్లండులోని రాజకీయ ఖగోళశాస్త్ర సంఘమువారికి పంపిరి. ఆ సంఘమువారు వీరిని సభ్యునిగా జేర్చుకొనిరి.

వీరి కాలముననే మన తీరమున ఘోరవిపత్తు సంభవించెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపానుచే సముద్రము పొంగి మచిలీపట్టణమును ముంచెను. సుమారు 30,000 మంది మడిసిరి. వాయుభారమాపకము లప్పటికే కలవు, తంతితీగెలును కలవు. ఊరూరి కొలతలను ఒక్కచోట గూర్చి, ముందుగా హెచ్చరించు నేర్పాటు మాత్రము మన తీరమున లేకుండెను. 1875లో భారత వాతావరణశాఖ యేర్పడినది. నరసింగరావుగారి నక్షత్రశాలయందును ఆకాశశాస్త్రముతోపాటు వాతావరణ పరిశీలనలు జరిగి, వాని ఫలితములు అచ్చుపడినవి.

ఇప్పుడు మన కొండలకు వత్తము. నేడు అరచేతిలో నిముడు మైక్రోకంట్రోలరను యంత్రమును వర్షమాపకమునకు జోడింపవచ్చును. మాపకములోని చిన్న దొప్ప వాననీటితో నిండి యొరిగిన ప్రతిసారియు ఒక విద్యుత్సంకేతము పుట్టును. యంత్రము వానిని లెక్కించి, ఆ సంఖ్యను రేడియో తరంగములద్వారా దూరమున నున్న కేంద్రమునకు పంపును. మనుష్యుడు కొండయెక్కి వానలో నిలువ నక్కరలేదు. అయితే ఘాటురోడ్డు మలుపులలో తరంగము లందని తావు లనేకము. అప్పుడా యంత్రము కొలతలను తనలో దాచుకొని, మార్గము దొరకినపుడు పంపవలెను. కావున ప్రతి కొలతకును అది తీసిన కాలమును జతపరుపవలెను. 40 మిల్లీమీటర్ల వాన యొక దినమున గురిసిన పాములేరు నెమ్మదిగా పారును. ఒక్క గంటలో గురిసినచో కాలిబాటన వాగు దాటువాని ప్రాణమునకే ముప్పు. సంఖ్య యొక్కటే, కాలము తెలియనిచో రెంటికిని భేదము తెలియదు. యంత్రములోని గడియారమో, దినమునకు ఒకటి రెండు సెకనులు తప్పుట సామాన్యము. అందుచేత నది మరల మరల దూరముననున్న సరియైన గడియారము నడిగి తన కాలమును దిద్దుకొనును. నాడు ఓడలు కొండపై జెండాను చూచి చేసినదియు నిదియే కదా!

నరసింగరావుగారు 1892లో పరమపదించిరి. ఆ జెండాను చూచి నేడు ఓడలు కాలము దిద్దుకొనుట లేదు. విశాఖపట్టణమందలి మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల మాత్రము ఆ దంపతుల స్మృతిని నిలుపుచున్నది. సర్ సి.వి. రామన్‌గారు బాల్యమున విద్య నభ్యసించిన దచ్చటనే. వారి తండ్రిగారు అందు అధ్యాపకులు.

నక్షత్రశాలను స్థాపించుట ధనమున్నచో సాధ్యమే. ఎవరును మెచ్చుకొనకున్నను, ప్రతియుదయమును ఆ క్షణమున తప్పక జెండాను దించుట కష్టము. మామగారి వెనుక ముప్పదియైదేండ్లకు పైగా ఆ సంస్థను నిలిపిన నరసింగరావుగారి గొప్పతన మిందే యున్నదని మా యభిప్రాయము. మన పాఠశాలలలో యంత్రములు కూర్చు బాలబాలికలు దీనిని గమనింతురుగాక. మొదటి దినమున దీపము వెలిగించి చూపు యంత్రముకన్న, జోరువాన రాత్రి సరియైన సంఖ్యను, సరియైన కాలముతో, వాగు దిగువనున్న గూడెమువారికి చేర్చు యంత్రమే మేలైనది.